వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయారా? రీసెట్ నొక్కే ముందు ఒక్క నిమిషం

ఈ ఎపిసోడ్‌లో ఇంటి వైఫై పాస్‌వర్డ్ గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, ఎక్కడ రాసిపెట్టారో తెలీదు, కొత్త ఫోన్ ఒకటి కనెక్ట్ చేయాలి. అప్పుడు ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి, అన్నిటికంటే ముందు ఏం చేయకూడదు. అంతే విషయం.

"ఫ్రీమాంట్‌లో ఇంటికో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉన్నాడు, వైఫై గురించి నువ్వు చెప్పేదేంటయ్యా?" అనొచ్చు మీరు. నిజమే. నేను ఐటీఐ చదివి ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నవాణ్ణి. కానీ ఇల్లు రీమోడల్ చేసేటప్పుడు ఆ రౌటర్ డబ్బా ఊడదీసి పక్కన పెట్టేదీ, మళ్లీ తెచ్చి తగిలించేదీ మా వాళ్లే. "పాస్‌వర్డ్ ఏంటమ్మా?" అని అడిగితే చాలా ఇళ్లల్లో వచ్చే జవాబు ఒకటే. "మా ఆయనకే తెలుసండీ." ఆ ఆయనేమో మీటింగ్‌లో ఉంటాడు, లేదా ఇండియా వెళ్లే విమానంలో ఉంటాడు.

పాస్‌వర్డ్ లేకపోతే ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరో చెప్తాను. మన ఇళ్లకు వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు మామూలుగా ఆరు నెలల దాకా ఉంటారు. చాలామంది ఇక్కడి సిమ్ తీసుకోరు, "ఇంట్లో వైఫై ఉందిగా, ఎందుకు దండగ" అంటారు. వాట్సాప్, యూట్యూబ్‌లో ప్రవచనాలు, ఊళ్లో చెల్లెలితో వీడియో కాల్, అన్నీ ఆ వైఫై మీదే. రౌటర్ మారిందా, పాస్‌వర్డ్ మారిందా, వాళ్ల ఫోన్ మూగబోయినట్టే. పోనీ అడుగుతారా అంటే అడగరు. "అల్లుడుగారు పనిలో ఉన్నారు, ఇప్పుడెందుకులే" అని టీవీ ముందు కూర్చుంటారు.

టైము కూడా చూడండి. వేసవిలో ఇక్కడికీ ఇండియాకీ 12 గంటల 30 నిమిషాల తేడా, చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు. వేసవిలో ఇక్కడ పొద్దున్న 8 అయితే అక్కడ రాత్రి 8:30. ఇక్కడ మధ్యాహ్నం 12 అయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. మాట్లాడుకోవడానికి దొరికేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఆ కాసేపట్లో పాస్‌వర్డ్ దొరక్కపోతే ఆ రోజు మాటలు లేనట్టే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన మాట. 911 కి వైఫైతో పని లేదు. ఇక్కడి టవర్ సిగ్నల్ అందుకునే మొబైల్ అయితే, దానికి అమెరికా సిమ్ లేకపోయినా, బిల్లు కట్టకపోయినా, 911 కాల్‌ని కంపెనీలు కలపాలని ఇక్కడి రూలు. అయితే అలాంటి ఫోన్‌కి వాళ్లు తిరిగి కాల్ చేయలేకపోవచ్చు. అందుకని ఇంటి అడ్రస్ ముందే చెప్పాలి, మధ్యలో ఫోన్ పెట్టేయకూడదు. ఇది మీ అమ్మానాన్నలకి ఈరోజే చెప్పండి.

ఇక అసలు విషయానికి వద్దాం. పాస్‌వర్డ్ మర్చిపోయింది మనం. ఇంట్లో ఉన్న వస్తువులు మర్చిపోలేదు. ఇప్పటికే వైఫైకి కలిసి ఉన్న ప్రతి ఫోనులోనూ, ప్రతి లాప్‌టాప్‌లోనూ ఆ పాస్‌వర్డ్ దాచి ఉంటుంది. కాబట్టి మొదటి పని వెతకడమే. రీసెట్ కాదు. గోడ పగలగొట్టే ముందు వైర్లు ఎటు వెళ్తున్నాయో చూసుకుంటాం కదా, అలాంటిదే.

వెతికే ముందు చేయకూడని పనులు రెండున్నాయి.

మొదటిది, ఫోన్‌లో ఇంటి వైఫై పేరు మీద నొక్కితే "ఫర్గెట్" అని కనిపిస్తుంది. నెట్ సరిగ్గా రావట్లేదని చాలామంది దాన్ని నొక్కేస్తారు. నొక్కగానే ఆ ఫోన్‌లో దాచి ఉన్న పాస్‌వర్డ్ పోతుంది. ఇంట్లో గుర్తున్న ఫోన్ అదొక్కటే అయితే, ఉన్న ఒక్క తాళంచెవినీ కాలవలో పారేసినట్టు.

రెండోది, రౌటర్ వెనక చిన్న కన్నం ఉంటుంది, దాంట్లో పిన్నీసు పెట్టి నొక్కడం. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం వేరు, ఇది వేరు. పవర్ తీసి పెడితే ఏమీ పోదు. కన్నంలో పిన్ను పెట్టి కొన్ని సెకన్లు అదిమితే మాత్రం మీరు పెట్టుకున్న పేరు, పాస్‌వర్డ్, మార్చుకున్న సెట్టింగులు అన్నీ పోయి డబ్బా కొన్నరోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. ఇది ఆఖరి మెట్టు, మొదటిది కాదు.

ఇప్పుడు వెతుకుదాం. ముందుగా ఐఫోన్. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఇది చాలా తేలిక. సెట్టింగ్స్‌లో వైఫైకి వెళ్లి, మీ ఇంటి వైఫై పక్కన ఉండే చిన్న "ఐ" గుర్తు నొక్కండి. పాస్‌వర్డ్ అనే వరస ఉంటుంది. దాని మీద నొక్కితే మీ ముఖమో, వేలిముద్రో, ఫోన్ కోడో అడిగి చూపిస్తుంది. కొత్త ఫోన్ కూడా ఐఫోనే అయితే పాస్‌వర్డ్ చూడాల్సిన పని కూడా లేదు. రెండూ దగ్గర పెట్టి, బ్లూటూత్ ఆన్‌లో ఉంచి, కొత్తదాంట్లో వైఫై పేరు నొక్కితే పాతదాంట్లో "షేర్ పాస్‌వర్డ్" అని వస్తుంది. ఇది పని చేయాలంటే ఒకరి యాపిల్ అకౌంట్ ఈమెయిల్ ఇంకొకరి కాంటాక్ట్స్‌లో ఉండాలి.

ఆండ్రాయిడ్ అయితే 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ సౌకర్యం ఉంది. వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి, "షేర్" అనేది నొక్కండి. ఫోన్ పిన్ అడిగి క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఆ కోడ్ కిందనే పాస్‌వర్డ్ అక్షరాల్లో ఉంటుంది. లేకపోయినా ఫరవాలేదు, కొత్త ఫోన్ కెమెరాతో ఆ కోడ్ స్కాన్ చేస్తే చాలు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారి ఫోన్‌కి ఇదే సుఖం. టైప్ చేసే బాధ లేదు.

తర్వాత లాప్‌టాప్. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అక్కడ మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే "వ్యూ వైఫై సెక్యూరిటీ కీ" అని ఉంటుంది. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిచి, వైఫై పేరు మీద నొక్కి, వైర్‌లెస్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఆ పైన "షో క్యారెక్టర్స్". మ్యాక్‌లో వెంచురా నుంచి సిస్టమ్ సెట్టింగ్స్, వైఫై, అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి, పేరు పక్కన మూడు చుక్కలు నొక్కితే "కాపీ పాస్‌వర్డ్" వస్తుంది. ఒక్క జాగ్రత్త. మన దగ్గర చాలామందివి ఆఫీసు లాప్‌టాప్‌లు. వాటిల్లో అడ్మిన్ అనుమతి లేకపోతే చూపించకపోవచ్చు. పిల్లల లాప్‌టాప్, పాత సొంత లాప్‌టాప్ చూడండి.

వీటిలో ఎక్కడా దొరకలేదు. అప్పుడు రౌటర్ దగ్గరికి వెళ్లండి. అడుగునో వెనకో స్టిక్కర్ ఉంటుంది. దాని మీద ఫ్యాక్టరీ పేరు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటాయి. మీ ఫోన్‌లో కనిపించే వైఫై పేరూ, స్టిక్కర్ మీది పేరూ ఒకటే అయితే, ఎవరూ ఏమీ మార్చకపోయి ఉండొచ్చు. ఆ పాస్‌వర్డ్ ఒకసారి వేసి చూడండి. సున్నానీ ఓ అక్షరాన్నీ, ఒకటినీ చిన్న ఎల్‌నీ కలగాపులగం చేయకండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కే.

ఆ స్టిక్కర్ మీదే ఇంకో పాస్‌వర్డ్ కూడా ఉండొచ్చు. అది అడ్మిన్ పాస్‌వర్డ్. వైఫై పాస్‌వర్డ్ ఇంట్లోకి వచ్చే వీధి తలుపు తాళం లాంటిది. అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువా తాళం. రెండూ ఒకటి కాదు. పూర్వం చాలా రౌటర్లకి "అడ్మిన్" అనే మాటే పాస్‌వర్డ్‌గా ఉండేది. కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌కి కలిసే పరికరాలకి తగిన భద్రత ఉండాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఒక్కో డబ్బాకీ వేరుగా ఇవ్వడమో, మొదటిసారి వాడేటప్పుడే మార్చుకోమనడమో దానికి మార్గాలుగా ఆ చట్టం చెప్పింది. కాబట్టి కొత్త డబ్బాకి పాస్‌వర్డ్ ఏంటని నెట్‌లో వెతకడం దండగ. మీ డబ్బా స్టిక్కర్ మీదే చూడండి.

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా అయితే ఇంకా తేలిక. ఎక్స్‌ఫినిటీ వాళ్లకి సొంత యాప్ ఉంది, ఏటీ అండ్ టీ వాళ్లకీ ఉంది. ఫోన్ డేటా మీద యాప్ తెరిచి, అకౌంట్‌తో లాగిన్ అయితే వైఫై పాస్‌వర్డ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఈరో, గూగుల్ నెస్ట్ లాంటివి కొనుక్కున్నవాళ్లకీ వాటి యాప్‌లోనే ఉంటుంది. సొంత రౌటర్ అయితే దాన్నీ లాప్‌టాప్‌నీ నెట్‌వర్క్ కేబుల్‌తో కలపండి. కేబుల్‌కి వైఫై పాస్‌వర్డ్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొడితే చాలా రౌటర్ల పేజీ వస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి వైర్‌లెస్ సెట్టింగుల్లో చూసుకోండి.

ఇన్ని చేసినా కాకపోతే అప్పుడు పిన్నీసు తీయండి. కానీ దాని ఖరీదు తెలిసి తీయండి. టీవీ, డోర్‌బెల్ కెమెరా, థర్మోస్టాట్, ప్రింటర్, గరాజ్ తలుపు, అన్నిటికీ కొత్త పాస్‌వర్డ్ ఒక్కొక్కటిగా ఇవ్వాలి. స్క్రీన్ లేని వస్తువులకి యాప్‌లో మొదటినుంచీ సెటప్ చేయాలి, అందులో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడుతుంది. ఒక శనివారం దానికే పోతుంది. అదే పాత పాస్‌వర్డ్ దొరికిందనుకోండి, రౌటర్ మార్చినా కూడా కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెట్టేస్తే, మామూలుగా ఇంట్లో ఉన్నవన్నీ వాటంతటవే కలిసిపోతాయి. పెద్దవాళ్ల ఫోన్‌కి రౌటర్ మారిన సంగతే తెలీదు. వెతకమని ఇంతగా చెప్పేది అందుకే.

ఇండియాలో అమ్మావాళ్ల ఇంట్లో రౌటర్ అయితే ఇంకా జాగ్రత్త. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ లాంటి కనెక్షన్లలో నెట్ రావడానికే ఒక యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఆ రౌటర్ లోపల రాసి ఉంటాయి. రీసెట్ కొడితే అవి కూడా పోవచ్చు. అప్పుడు వైఫై కాదు, ఇంటర్నెట్టే పోయినట్టు. కనెక్షన్ మనిషి వచ్చేదాకా ఆగాలి. ఇక్కడినుంచి ఫోన్‌లో "నాన్నా, ఆ కన్నంలో నొక్కు" అని మాత్రం చెప్పకండి.

ఇంకో మాట. వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టి ఇస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. పక్కింటివాళ్ల వైఫైలోకి అడగకుండా దూరడం ఎలాగూ తప్పు, పైగా ఆ యాప్ మీ ఫోన్‌లోంచి ఏం పట్టుకెళ్తుందో తెలీదు. కస్టమర్ కేర్ నంబరు కూడా నెట్‌లో మొదట కనిపించిందానికి చేయకండి. దొంగ నంబర్లు ఉంటాయి. బిల్లు మీద ఉన్న నంబరుకే చేయండి.

చివరిగా, దొరికిన పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి? నా మాట వినండి, కాగితం మీద రాయండి. "కాగితం మీదా? సెక్యూరిటీ?" అంటారు. ఇంటి వైఫైకి భయం వీధిలోంచి, వంటింట్లోంచి కాదు. వంటింట్లో దాకా వచ్చినవాడు మీ వైఫై కోసం రాడు. పాల లెక్క క్యాలెండర్ మీద రాసుకునే ఇళ్లల్లోంచి వచ్చినవాళ్లం, వైఫై పాస్‌వర్డ్‌కి కూడా అక్కడ చోటుంది. వీలైతే ఆ క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం సొరుగులో, ఇద్దరికి తెలిసేలా ఉండాలి. వచ్చేపోయేవాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టండి.

కొత్తగా పెట్టుకునేటప్పుడు ఎనిమిది అక్షరాలకి తగ్గకూడదు, 63 దాకా పెట్టుకోవచ్చు. గజిబిజి గుర్తులకన్నా పొడుగు ముఖ్యం. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్నక్షరాల్లో పెట్టండి. ఫోన్‌లో అమ్మకి చెప్తే రాసుకోగలగాలి. పిల్లల పేరూ పుట్టిన సంవత్సరమూ, ఇంటి నంబరూ వద్దు, అవి ఎవరైనా ఊహిస్తారు.

ఇది విన్నాక ఒక్క పని చేయండి. ఇప్పుడు పాస్‌వర్డ్ తెలిసిన ఒక్కరూ ఊళ్లో లేరనుకుని, మిగతావాళ్లు ఒక కొత్త ఫోన్ కనెక్ట్ చేయగలరేమో చూడండి. చేయలేకపోతే కాగితం, పెన్ను తీయండి.