బియ్యప్పిండి బొమ్మలు, తెలుగు అక్షరాలు

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ ప్రాంతం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోదే. ఇప్పటికీ ఇక్కడ ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. అందుకే పిల్లలకు వేసవి శిబిరం పెడితే మొదటి గంట తెలుగు అక్షరాలకే ఇవ్వాలంటాను. కష్టమేమీ కాదు. అక్షరాల వరస రెండు భాషలకూ దాదాపు ఒకటే, ‘ళ’ పలకడం పిల్లలకు ముందే వచ్చు.

ఆ తరవాత సవర బొమ్మలు. గుణుపురం వైపు సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, సన్నని వెదురు పుల్లతో ఇడితాల్ అనే బొమ్మ గీస్తారు. ముందు చుట్టూ అంచు, తరవాతే లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు. అది పూజకు గీసే బొమ్మ. సవర పెద్దల చేతే నేర్పించడం మర్యాద.

సాయంత్రం థింసా నృత్యం. చేతులు కలిపి గొలుసులా ఒకే అడుగు. వెనకబడ్డ పిల్లను పక్కవాళ్లే లాక్కుపోతారు.