ముక్కు కొలిచి కులం చెప్పిన సైన్సు
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఒక మాట పదే పదే వినబడుతోంది. కూలి చేసే ఒళ్లు వేరట, చదువుకునే బుర్ర వేరట. ప్రకృతే అట్లా ఏరి పెట్టిందట, డార్విన్ చెప్పాడట! వెనకట ఇదే మాటని కర్మ అన్నారు, తలరాత అన్నారు. ఇప్పుడు దానికి సైన్సు చొక్కా తొడిగారు. కాబట్టి ఆ సైన్సేందో మనమే తెలుసుకోవాలి.

1859లో డార్విన్ చెప్పింది ప్రకృతి ఎంపిక. చేలో రెండు రకాల జొన్న ఉంది. కరువొచ్చింది. ఒకటి తట్టుకుని గింజ పట్టింది, రెండోది ఎండిపోయింది. మరుసటేడు విత్తనంలో మొదటి రకమే ఎక్కువ. దీనికి కారణం ఉంది.

ఇంకోటి చూడండి. కుండలో ఎర్ర గింజలు, తెల్ల గింజలు సగం సగం ఉన్నాయి. ఇల్లు కాలింది, చేతికి దక్కింది పది గింజలు. అందులో ఎనిమిది ఎర్రవి. ఎర్రవి గొప్పవని కాదు, చేతికి అవొచ్చాయి, అంతే. అవే నాటితే చేలో ఎరుపే ఎక్కువ. దీన్ని జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. జన్యువులు కొట్టుకుపోవడం అనుకుందాం. గుంపు ఎంత చిన్నదైతే ఈ కొట్టుకుపోవడం అంత ఎక్కువ. జీవుల్లో అణువుల స్థాయి మార్పులు ఎక్కువ భాగం ఇట్లాంటివేనని 1968లో జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమూరా వాదించాడు. అంటే ఒంటిమీద కనబడే ప్రతిదానికీ ఒక ప్రయోజనం వెతకటం సైన్సు కాదు.

ఇక ముక్కు సంగతి. రిస్లే అని తెల్లదొర, 1901 జనాభా లెక్కలకు కమిషనరు. ముక్కు వెడల్పుని పొడవుతో భాగించి, నూటితో హెచ్చవేసి, ముక్కు సన్నబడే కొద్దీ కులం పైకి పోతుందని రాశాడు. అంబేడ్కర్ 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఆ ముక్కు కొలతలనే చేతిలోకి తీసుకున్నారు. బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని ఆ కొలతలతోనే చూపించారు. దొర టేపుతోనే దొరని కొలిచారన్నమాట.

2017లో ఇంకో పరిశోధన వచ్చింది. పశ్చిమ ఆఫ్రికా, తూర్పు ఆసియా, దక్షిణాసియా, ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్ల ముక్కులు కొలిచారు. ముక్కు రంధ్రాల వెడల్పు మీద వేడి, తేమల ఎంపిక కనబడింది. పొడవు, ముందుకు పొడుచుకు రావడం లాంటివాటిలో తేడాలకు మాత్రం ఉత్త కొట్టుకుపోవడమే సరిపోయింది. ఇప్పుడు మీరే చెప్పండి. ఊరికీ వాడకీ మధ్య ఎండ వేరా, గాలి వేరా? ఒకే ఊళ్లో ప్రకృతి ఒక్కొక్క కులానికి ఒక్కొక్క ముక్కు ఎట్లా ఎంచుతుంది?

మరి కులాల మధ్య తేడాలు అసలే లేవా అంటే, సగటున కొన్ని ఉన్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లూ హార్వర్డ్ వాళ్లూ కలిసి 2013లో చెప్పిందేమంటే, సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిశారు. ఆ తర్వాత పెళ్లిళ్లకు తలుపులు మూశారు. కాబట్టి అందరిలోనూ కలిసిన రక్తమే, పాళ్లలోనే తేడా. తలుపు మూశాక ఎవరి గుప్పెట్లో ఏ గింజలుంటే అవే తిరిగి తిరిగి మొలిచాయి.

దీనికి మన తెలుగునేల ఉదాహరణే ఉంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలించే ఒక ఇంజక్షన్ ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి ఆడదు. మామూలుగా ఆ మందు నిమిషాల్లో విరుగుతుంది. దాన్ని విరిచే ఎంజైము వీళ్లలో లోపించింది. ఈ లోపాన్ని ప్రకృతి మెచ్చి ఎంచలేదు. వేల ఏళ్లు లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటే మొదటి కొద్దిమందిలో ఉన్నది ఆ కులంలో పాకింది. ఎగతాళికి చెప్పటంలేదు, ఆ బాధ వాళ్ల పిల్లలది. మనమూ మడి కట్టుకునే ఉన్నాం. మాల మాదిగని చేసుకోడు, మాదిగ మాలని చేసుకోడు. 2017లో పరిశీలించిన 263 సమూహాల్లో 81 ఇట్లా బాగా బిగుసుకుపోయినవే.

ఎంపిక నిజంగా పనిచేసిన చోటు సికిల్ సెల్. ఆ జన్యువు ఒకటే ఉంటే ప్రాణం తీసే మలేరియా నుంచి కాపు. తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి వస్తే జబ్బు. ఏజెన్సీ ఆదివాసుల్లోనూ విదర్భ దళితుల్లోనూ ఇది ఉంది. ఎంచింది దోమ కుట్టిన నేల. దానికి మనువుతో పనిలేదు.

ఒక్కటి మరవొద్దు. మన పిల్లలు గిడసబారితే జన్యువులని వెతకబోకండి, ముందు కంచంలో ఏముందో చూడండి. ఎండకి మాడిన ఒళ్లు బిడ్డకి రాదు, అప్పు మాత్రం వస్తుంది.

ఏజెన్సీలో పనిచేసే కార్యకర్తలు పెళ్లి సంబంధాలు కుదరకముందే ఇద్దరికీ సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించమని చెప్పండి. 2023 నుంచి ప్రభుత్వ కార్యక్రమం ఉంది, పరీక్షకు డబ్బు అడిగితే ఇవ్వొద్దు.