కొండమీది తటాకం



సప్తసంతానాలలో దేవాలయాన్ని, తటాకాన్ని, వనాన్ని మన పెద్దలు ఒకే వరుసలో చేర్చారు. విద్యార్థులకు ధర్మశాస్త్రం పాఠం చెప్పిన రోజులలో నేను ఈ మాటను ఎన్నోమార్లు వివరించాను. అయినా నేడు దానమనగానే మన దృష్టి గోపురం మీదికి, కల్యాణమండపం మీదికి పోతున్నది. నీటిని నిలిపే దానం మరుగున పడింది.

మీలో చాలామంది హరిద్వారంలో గంగాస్నానం చేసినవారే. దేవప్రయాగకు దిగువన, వ్యాసఘాట్ వద్ద ఆ గంగలో నయార్ నది కలుస్తుంది. దాని పుట్టుక గఢ్వాల్‌లోని దూధాతోలి కొండలలో. మనం శిరస్సున చల్లుకొన్న తీర్థంలో ఆ కొండల నీరూ ఉన్నదన్నమాట.

ఆ కొండలలోనే ఉఫ్రైంఖాల్ అనే గ్రామం ఉంది. ‘ఖాల్’ అంటే అక్కడివారి భాషలో కొండపైన వాననీరు నిలిచే మడుగు. కాలక్రమాన అడవి తరిగింది. వాననీరు వాలు మీద నిలువక, చేల మట్టిని కోసుకొనిపోయింది. ఊరి పేరులో ఖాల్ మిగిలింది గాని, నేలమీద నీరు మిగలలేదు. ఒక వాగుకైతే ‘సూఖా రౌలా’, అనగా ఎండిన వాగు, అనే పేరే స్థిరపడింది.

సచ్చిదానంద భారతి అనే ఉపాధ్యాయులు 1980ల నుంచి గ్రామస్థులను, ముఖ్యంగా స్త్రీలను కూడగట్టి అడవిని పెంచారు. పిదప వాలు పైభాగాన చిన్న చిన్న గుంటలు తవ్వించి, వాటి చుట్టూ గడ్డి, చెట్లు నాటించారు. వాననీరు గుంటలో ఆగి, నేలలోకి ఇంకి, మెల్లగా దిగువ ఊటలకు చేరుతుంది. మెట్లచేలలో పదును నిలుస్తుంది. అటువంటి గుంటలు 20,000కు పైగా వెలిశాయి. ఎండిన వాగు మరల పారింది. దానిని ఇప్పుడు ‘గాడ్‌గంగ’ అంటున్నారు.

అడవికి కాపలా స్త్రీలదే. మువ్వలు కట్టిన కర్ర చేతబట్టి తిరుగుతారు. వంతు ముగిసిన ఇల్లాలు ఆ కర్రను పొరుగింటి గుమ్మం ముందు ఉంచుతుంది. తరువాతి వంతు ఆ ఇంటిది.

దాతలకు నా విన్నపం ఒక్కటే. కోనేటి పూడిక తీయించడానికి ధనమిచ్చేటప్పుడు, ఆ కోనేటికి నీరు దిగివచ్చే కొండవాలును కూడా చూసి రండి. పైన నీరు ఇంకకపోతే, కింద ఎన్ని రాతిమెట్లు కట్టించినా కోనేరు నిండదు. ఆ పనిని ఆ ఊరివారి చేతనే చేయించండి, కాపాడే బాధ్యతను వారికే అప్పగించండి. అక్కడ శిలాఫలకానికి చోటుండదు. పేరు చెక్కించుకోని దానాన్ని భగవంతుడు మరువడు.