నది దాటిన తల్లులు

(విద్యార్థి సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒహాయో నది ఒకప్పుడు రెండు లోకాల నడుమ సరిహద్దు. దక్షిణాన కెంటకీలో మనిషిని మనిషి కొనవచ్చు, అమ్మవచ్చు. ఉత్తరాన ఒహాయో రాష్ట్రంలో బానిసత్వం నిషిద్ధం. బానిసల పలాయనాన్ని చిత్రించిన రెండు ప్రసిద్ధ నవలలలోనూ ఒక తల్లి ఈ నదినే దాటుతుంది.

మొదటిది 1852లో హేరియట్ బీచర్ స్టోవ్ తన కాలాన్ని గురించే రచించిన 'అంకుల్ టామ్స్ కేబిన్'. కొడుకును యజమాని అమ్మివేశాడని విన్న ఎలైజా రాత్రికి రాత్రే బిడ్డతో బయలుదేరి, నదిలో తేలే మంచుగడ్డలపై దూకుతూ ఆవలి ఒడ్డు చేరుతుంది. తుదకు ఆమె కుటుంబానికి కెనడాలో స్వేచ్ఛ లభిస్తుంది.

వాస్తవంలో అందరికీ ఆ భాగ్యం కలుగలేదు. 1850 నాటి చట్టం ప్రకారం, పారిపోయిన బానిస స్వేచ్ఛా రాష్ట్రంలో దొరికినా యజమానికి అప్పగించవలసిందే. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే యువతి భర్తతో, నలుగురు పిల్లలతో, గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి సిన్సినాటీ చేరింది. వెంబడించినవారు ఇంటిని చుట్టుముట్టగా, బిడ్డలు మరల దాస్యంలో పడరాదని రెండేళ్ల కూతురిని తన చేతులతోనే చంపింది. హత్యానేరానికి విచారిస్తే ఆమెను మనిషిగా అంగీకరించినట్లే. యజమానికి అప్పగిస్తే ఆమె కేవలం ఆస్తి. చట్టం ఆమెను ఆస్తిగానే ఎంచింది. తిరిగి బానిసగా మారిన ఆమె 1858లో మరణించింది.

ఈ వృత్తాంతాన్ని ఒక పాత పత్రికలో చదివిన టోనీ మారిసన్ 1987లో 'బిలవ్డ్' అనే చారిత్రక నవలను వెలువరించారు. ఆమె చరిత్రను యథాతథంగా అనుసరించలేదు. నవలలోని సెథ తిరిగి బానిస కాదు. 1865లో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1873 నాటికి ఆమె సిన్సినాటీలో స్వేచ్ఛగానే ఉంటుంది. కాని చనిపోయిన బిడ్డ స్మృతి ఆ ఇంటిని విడువదు. సంకెల తెగిన పిదప మనిషి తనను తాను ఎట్లా తిరిగి పొందగలదు? న్యాయస్థానం అడుగని ఈ ప్రశ్నను నవల అడిగింది.

అదే 1873లో మన దేశంలో మహాత్మా జోతీరావు ఫూలే 'గులాంగిరీ' గ్రంథాన్ని ప్రకటించి, బానిసత్వ నిర్మూలనకు త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. వారి ఆదర్శం ఇచటి శూద్రుల విముక్తికి మార్గం చూపాలని ఆకాంక్షించారు. అనంతర కాలంలో మన రాజ్యాంగపు 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1976 నాటి చట్టం వెట్టి కార్మికులను విముక్తులుగా ప్రకటించి, వారిని బంధించిన అప్పులను రద్దు చేసింది. అయినప్పటికీ, విడుదలైన కుటుంబానికి పని, బడి, పొరుగువారి ఆదరణ లభించనిచో అప్పు మళ్లీ వారి గుమ్మం తొక్కుతుంది. సెథ కథ మనకు పరాయిది కాదు.

విద్యార్థులారా, ఎలైజా ఆవలి ఒడ్డు చేరినప్పుడు ఆమెకు చేయూతనిచ్చి గట్టు ఎక్కించినవాడు ఆమె యజమాని ఇంటికి సమీపంలోని ఒక రైతే. అతడు ఆమెను పట్టి ఇవ్వలేదు. తలదాచుకోదగిన ఇంటిని చూపాడు. ఈ నవలలు చదివేటప్పుడు నది దాటినవారితోపాటు ఆ రైతును కూడా గుర్తుంచుకోండి. మన ఊరిలో విముక్తి పొంది వచ్చినవారికి ఆ చేయి మనమే అందించాలి.