హల్లు అనగా పన్ను



తెలుగువానికి హల్లు అనిన వ్యంజనాక్షరము; కన్నడిగునకు అదే మాట పన్ను. ఇంట తెలుగును బడిలో కన్నడమును పలుకుచు పెరిగిన బళ్ళారి బిడ్డకు ఈ శ్లేష ఉపాధ్యాయుడు చెప్పకయే బోధపడును. పండ్లు లేనిదే దంత్యాక్షరములు చక్కగా పలుకవని ఎల్లరు ఎరుగుదురు గాని, అక్షరములు నేర్పు బడియే ఆ పండ్లను సైతము కాపాడవలెనను తలంపు మనకు చాల ఆలస్యముగా కలిగినది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆ బళ్ళారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునను, బళ్ళారి మైసూరునందును చేరినవి. ఆ సరిహద్దుగీతను గీసినవారు నేలపై గీసిరే గాని నేల అడుగున గీయలేదు. ఇరువైపుల అదే కఠినశిల. ఆ శిలాగర్భమునుండి బోరుబావులు తోడిపోయు నీటిలో పెక్కుచోట్ల అదే ఫ్లోరైడు. ఆ నీరు తెచ్చు ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే నెల్లూరు జిల్లా గ్రామములయందు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లిగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు సూచించినది.

దంతవైద్యపట్టము పుచ్చుకొనిన తొలియేట, మెట్టసీమలోని ఒక పల్లెబడిలో, ఎనిమిదేండ్ల బాలుని పండ్లపై గోధుమవన్నె చారలు చూచి, పండ్లు తోముకొనవా యని తోటిపిల్లలయెదుట నేను గద్దించితిని. వాని వెంట వచ్చిన అవ్వ నోటికడ్డమున్న కొంగు తొలగించి నవ్వెను. ఆమె పండ్లును అట్టివే. “మా ఊరి నీళ్ళే అట్లుంటాయి సామీ, పిల్లోడు దినమూ తోముకుంటాడు” అనెను. పరీక్షలో ఫ్లోరోసిస్‌పై పుటలు నింపి మార్కులు తెచ్చుకొనిన నాకు, ఆ గార పన్ను మొలవక పూర్వమే దవడలోపల దానికి పట్టినదని, ఏ పుల్లయు ఏ పొడియు దానిని తోమివేయజాలదని, ఆ క్షణమున తోచలేదు. ఆ బాలుడు నోరు మూసికొనెను, మరల తెరువలేదు.

పుచ్చుపన్ను కథ వేరు. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చి పంటిని కరగించును. తిన్న తీపి యెంత యనుటకంటె దినమున కెన్నిమారులు తిన్నారనునదే ముఖ్యము. ఆరేండ్ల ప్రాయమున, పాలపన్నేదియు ఊడకయే, వెనుకమూలను తొలి శాశ్వతదంతము మొలచును. తల్లి దానిని పాలపన్నే యనుకొని, పుచ్చినను ఊడిపోవునులే యని ఊరకుండును. ఆ బిడ్డ బడిలో అడుగుపెట్టునదియు ఆ యేటనే గదా! గ్రుడ్డు తినని పిల్లలకు అరటిపండును, కొన్నాళ్ళు చిక్కీని కూడ, బడిలో పెట్టిన ఏర్పాటు మెచ్చదగినదే. చిక్కీవంటి తీపి తినినపిదప పుక్కిలింపుమని చెప్పు బాధ్యత మాత్రము మనది. నీటిలో అతిగా త్రాగిన చెరుపు చేయు ఫ్లోరైడే పేస్టులో పంటిపై పూయగా మేలు చేయును. అందుచేతనే చిన్నపిల్లకు బఠాణీగింజంత చాలును, దానిని మ్రింగక ఉమ్మివేయవలెను.

ఇక బడులలోని దంతవైద్యశిబిరములను గూర్చి. ఏటి కొకమారు రిబ్బను కత్తిరించి, ఫొటో తీయించుకొని, పంచిపెట్టిన బ్రష్షు మరునాటినుండి సైకిలు గొలుసు తుడుచుటకు ఉపయోగపడుట నేను కన్నులార చూచితిని. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు బృందములు బడులకు వచ్చి పిల్లల నోరు చూచుచున్నవి, పట్టణమునకు చీటీ వ్రాయుచున్నవి. ఒకనాటి కూలి పోగొట్టుకొని, బస్సుచార్జి పెట్టుకొని, ఆ చీటీ పట్టుకొని రాగల తల్లి యెందరిలో ఒకతె? ఫిలిప్పీన్సు బడులలో 2008నుండి, చేతులు కడుగుకొనుటతోపాటు, పిల్లలందరు ప్రతిదినము ఒక్కచోట నిలిచి పండ్లు తోముకొను పద్ధతి నడచినది. మధ్యాహ్నభోజనము ముగిసి పళ్ళెములు కడుగుకొను కొళాయిలవరుస మన బడులలో కలదు. కావలసినది మరి రెండు నిమిషములే. పుచ్చుభాగమును చేతిపనిముట్లతో తొలచి, విద్యుత్తు లేకయే పూడ్చు చికిత్స 1980ల నడుమ టాంజానియాలో రూపుదిద్దుకొన్నది. అది ఏ పల్లెబడి వేపచెట్టు క్రిందనైనను సాధ్యమే.

నేడు పట్టము పుచ్చుకొను యువదంతవైద్యులారా, మొదటి పల్లెకు పోవునాడు సంచిలో అద్దము, పనిముట్లు, పేస్టుతోపాటు ఒక ఖాళీ సీసా కూడ వేసికొనుడు. పిల్లల నోరు తెరువుమనుటకు ముందు, బడి బోరునీటిని అందులో పట్టి, ఊరిపేరు వ్రాసి పరీక్షకు పంపుడు.