చిన్న కారు, పెద్ద అభిమానం



మా హోసూరు చుట్టుపక్కల వీధికి నలుగురైనా బండ్ల విడిభాగాలు చేసే కార్ఖానాల్లో పని చేస్తూ ఉంటారు. నా దగ్గర పదో తరగతి దాకా చదివి, తర్వాత ఐ.టి.ఐ. ముగించి, అలాంటి ఒక కార్ఖానాలో చేరిన కుర్రవాడు ఒకడున్నాడు. రెండేళ్ల కిందట ఒక పాత కారు కొన్నాడు. కొన్న మరుసటి ఆదివారమే నాకు చూపించడానికి తెచ్చి మా ఇంటి ముందు నిలిపాడు. తెల్లని కారు. తలుపు మీద నల్లని జపాను అక్షరాలు అతికించి ఉన్నాయి.

"ఏమిరా ఇది?" అన్నాను.

"హచిరోకు మాదిరి సార్" అన్నాడు గర్వంగా.

"సరే, ఏమని రాసుంది?"

వాడు నీళ్లు నమిలాడు. ఆ సంగతి నేను తర్వాత తెలుసుకున్నాను. "ఫుజివారా టోఫు దుకాణం, సొంత వాడకానికి" అని ఆ రాతకు అర్థం. టోఫు అంటే సోయా చిక్కుళ్ల పాలు విరిచి చేసే పన్నీరు లాంటి తినుబండారం. మన ఊళ్లో పాల బండి మీద ఫలానా వారి పాల డిపో అని రాసుకుంటారు కదా, అలాంటిదే. దాన్ని మా వాడు ఏదో వీరమంత్రమనుకొని తలుపుకు అంటించుకున్నాడు.

నవ్వుకున్నాను గాని, ఒక ప్రశ్న మాత్రం మనసులో మిగిలిపోయింది. ఎక్కడి జపాను, ఎక్కడి హోసూరు! ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఒక చిన్న కారుకు ఇంత అభిమానం తగునా? లేక పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతేనా? ఈ పూట ఆ విషయమే మీతో ముచ్చటిస్తాను.

ముందు ఆ కారు పరిచయం. టయోటా అనగానే మనకు 2000లో బిడది నుంచి వచ్చిన క్వాలిస్సు, ఆ తర్వాతి ఇన్నోవా గుర్తుకొస్తాయి. అదే సంస్థ జపానులో 1983లో విడుదల చేసిన కారు ఇది. 1987 దాకా తయారైంది. అమ్మింది రెండు పేర్లతో. ఒకటి కరోలా లెవిన్, రెండవది స్ప్రింటర్ ట్రుయెనో. లెవిన్ అంటే పాత ఇంగ్లీషులో మెరుపు. ట్రుయెనో అంటే స్పానిష్ భాషలో ఉరుము. మెరుపుకు దీపాలు మామూలుగా ముందే కనబడుతూ ఉంటాయి. ఉరుముకు మాత్రం మీట నొక్కితే రెప్పలు తెరిచినట్టు పైకి లేస్తాయి. కార్ఖానాలో ఈ బండికి పెట్టిన గుర్తు ఏఈ 86. జపాను భాషలో హచి అంటే ఎనిమిది, రోకు అంటే ఆరు. అందుకే దీన్ని హచిరోకు అంటారు.

ఆ 1983వ సంవత్సరం కార్ల చరిత్రలో ఒక మలుపు. అంతకు ముందు మామూలు కార్లలో ఎక్కువ భాగం వెనుక చక్రాలతో నడిచేవి. మన అంబాసిడరు, పద్మిని కూడా అంతే. ఇంజను ముందుంటుంది, శక్తి పొడవాటి ఇరుసు ద్వారా వెనుక చక్రాలకు పోతుంది. ఆ తర్వాత స్థలమూ బరువూ కలిసొస్తాయని ముందు చక్రాలకే శక్తినిచ్చే పద్ధతి పెరిగింది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలో రోడ్డెక్కిన మారుతి 800 అలాంటిదే. టయోటా కూడా కరోలా వంశంలో చాలా బండ్లను ఆ ఏడాది ముందు చక్రాల పద్ధతికి మార్చింది. ఈ రెండు అన్నదమ్ములను మాత్రం పాత పద్ధతిలోనే ఉంచింది. 1987లో వచ్చిన వీటి వారసులు కూడా ముందు చక్రాల దారే పట్టాయి. అంటే మన హచిరోకు ఆ వరుసలో చివరిదన్నమాట.

ఇక తగునా, తగదా అన్న విచారణకు వద్దాం. ఒక కారు గొప్పదని ఎలా తేల్చాలి?

వేగంతో, గెలుపుతో తేల్చుదామంటే హచిరోకు వెనుకబడుతుంది. దాని ఇంజను 1587 సీసీలు. శక్తి 130 హార్స్ పవర్. ఆ కాలానికి చురుకైన ఇంజనే, పదహారు వాల్వులున్నది. కాని 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌తో పోలిస్తే ఏనుగు పక్కన దూడ. ఆ జీటీ-ఆర్ జపాను టూరింగ్ కారు పోటీల్లో 1990 నుంచి 1993 దాకా 29 పందేలకు 29 గెలిచింది. హచిరోకుకూ గెలుపులు లేకపోలేదు. 1986, 1987లలో బ్రిటిష్ సలూన్ కారు పోటీల్లో క్రిస్ హాడ్జెట్స్ ఈ కారుతోనే చాంపియన్ అయ్యాడు. అయితే అక్కడ ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులుంటాయి. చిన్నవాళ్ల తరగతిలో వరుసగా మొదటి స్థానం తెచ్చుకున్నవాడికి మొత్తం మీద బహుమతి దక్కింది. అది మెచ్చుకోదగ్గదే, కాని అందరికంటే వేగమైన కారని దానితో రుజువు కాదు.

పోనీ, అరుదైనది కాబట్టి గొప్పదా? అదీ కాదు. టయోటావారే 1967 నుంచి 1970 దాకా తయారు చేసిన 2000జీటీ అనే అందమైన కారు మొత్తం 351 మాత్రమే వచ్చింది. అది అరుదు. హచిరోకు మామూలు ఉద్యోగస్తుడు కొనుక్కోగలిగిన కారు.

మరి దేనికి ఈ పూజ? బడిపంతులు దృష్టితో చూస్తే నాకు తోచిన సమాధానం ఒకటుంది. ఆ కారు గురువు లాంటిది.

కొంచెం వివరిస్తాను. ముందు చక్రాల బండిలో లాగే పనీ, తిప్పే పనీ రెండూ ముందు చక్రాలవే. వెనుక చక్రాల బండిలో పని పంచుకున్నారు. ముందువి తిప్పుతాయి, వెనుకవి తోస్తాయి. మలుపు ముందు బ్రేకు వేస్తే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనుక భాగం తేలికై పక్కకు జారబోతుంది. అప్పుడు స్టీరింగును జారుతున్న వైపుకే తిప్పి, యాక్సిలరేటరును కాలి వేళ్లతో సరిచూసుకుంటూ పోతే, కారు అడ్డంగా జారుతూనే మలుపు దాటుతుంది. దీన్నే డ్రిఫ్టింగ్ అంటారు. హచిరోకు బరువు టన్నుకు లోపే. శక్తి తక్కువ కాబట్టి, మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తర్వాత ఇంజను బలంతో రాబట్టుకోలేం. వెనుక ఇరుసు కూడా పాతకాలపు ఒంటి ఇరుసు. నడిపేవాడు తప్పు చేస్తే ఆ కారు దాచదు, అక్కడికక్కడే చూపిస్తుంది. సరిగా చేస్తే అదీ చూపిస్తుంది. పిల్లవాడి తప్పును కప్పిపుచ్చని ఉపాధ్యాయుడు ఎంత అవసరమో ఇదీ అంతే.

ఈ బడిలో పేరు తెచ్చుకున్నవాడు కెయిచి త్సుచియా. 1956లో నగానో ప్రాంతంలో పుట్టాడు. కొండదారుల్లో నేర్చుకొని పందేల్లోకి వచ్చాడు. హచిరోకుతో మలుపులు తిప్పే తీరు చూసి జనం అతనికి డ్రిఫ్ట్ కింగ్ అని బిరుదిచ్చారు. అతను అక్కడే ఆగిపోలేదు. 1995లో ఫ్రాన్సులోని లెమాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో హోండా కారు నడిపిన ముగ్గురిలో ఒకడిగా తన తరగతిలో గెలిచాడు. 1999లో టయోటా కారుతో అదే పందెంలో మొత్తం మీద రెండవ స్థానంలో నిలిచాడు. చిన్న బడిలో చదివినవాడు పెద్ద పరీక్షలో నెగ్గాడన్నమాట.

లోకమంతా ఈ కారును ఎరిగింది మాత్రం ఒక బొమ్మల కథ వల్ల. షుయిచి షిగెనో అనే చిత్రకారుడు 1995 నుంచి 2013 దాకా ఇనిషియల్ డి అనే కథను వారపత్రికలో సాగించాడు. టోఫు దుకాణం యజమాని కొడుకు తకుమి అందులో నాయకుడు. తెల్లవారుజామున హచిరోకులో కొండ మీది హోటలుకు టోఫు చేరవేయడం అతని పని. మా వాడి కారు తలుపు మీది అక్షరాలు ఆ దుకాణానివే. ఆ పిల్లవాడి తండ్రి కారులో ఒక కప్పు నిండా నీళ్లు పోసి పెడతాడు. మలుపులన్నీ దాటి వెళ్లినా నీళ్లు ఒలకకూడదు, టోఫు చితకకూడదు. కొడుక్కి నడపడం వచ్చింది ఆ కప్పు వల్ల. నిండు కుండ తొణకదని మన పెద్దలు మనిషి గురించి అన్న మాట ఇక్కడ అక్షరాలా పాఠమైంది.

ఇందులో ఇంకో నిజం కూడా ఉంది. ఆ కథలోనే కొంత దూరం పోయాక బలమైన కారుతో పోటీలో హచిరోకు ఇంజను పగిలిపోతుంది. తర్వాత పందెపు ఇంజను పెడతారు. అంటే రాసినవాడికే ఆ కారు హద్దులు బాగా తెలుసు. అభిమానులే మరచిపోతారు.

ఈ అభిమానంతో రెండు కీడులు జరిగాయి. ఒకటి, చవకగా దొరికి బీద కుర్రవాడికి చదువు చెప్పిన కారు ధర కొండెక్కింది. ఇప్పుడు ఎందరో దాన్ని కప్పి దాచుకుంటున్నారు. పలకను పట్టుబట్టలో చుట్టి పెట్టినట్టుంది ఇది. ఈ విషయంలో టయోటావారు ఒక మంచి పని చేశారు. పాత బండ్లు నడుస్తూ ఉండాలని 2021లో దీని విడిభాగాలు కొన్ని మళ్లీ తయారు చేయడానికి పూనుకున్నారు. 2023లో టోక్యో ప్రదర్శనలో హైడ్రోజనుతో నడిచే హచిరోకునూ, బ్యాటరీతో నడిచే హచిరోకునూ నమూనాలుగా చూపారు.

రెండవ కీడు ఇంకా పెద్దది. మా కుర్రవాడి సంగతే చెబుతాను. ఒక రాత్రి అంచెట్టి కొండదారిలో, చినుకులు పడుతుండగా, మలుపులో కారును జారించబోయాడు. వాడిది ముందు చక్రాల బండి. హచిరోకు అక్షరాలు అంటించినంత మాత్రాన వెనుక చక్రాల బండి అవుతుందా? హ్యాండు బ్రేకు లాగేసరికి గిర్రున తిరిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఎదురుగా ఏ బస్సూ రాలేదు. ఆసుపత్రిలో వాళ్ల అవ్వ నా చెయ్యి పట్టుకొని, "అయివారూ, మీరన్నా చెప్పండి వీనికి" అంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు చేశావని తిట్టవచ్చు. కాని తిట్టితే దిగే జ్వరం కాదది. జపానులోనూ కొండదారి పందేలు చట్టవిరుద్ధమే. ఇప్పుడు డ్రిఫ్టింగ్ పోటీలకు మూసిన మైదానాలు, నిబంధనలు, న్యాయనిర్ణేతలు ఉన్నారు. ఆ సంగతి చెప్పాను.

ఎముక అతుక్కున్నాక వాడు మళ్లీ మా ఇంటికొచ్చాడు. ఒక కాగితపు కప్పు నిండా నీళ్లు పోసి ఇచ్చాను. "దీన్ని పక్కన పెట్టుకొని బస్టాండు దాకా పోయి రా. వేగం నీ ఇష్టం" అన్నాను. అరగంటకు తిరిగొచ్చాడు. కప్పు అడుగున రెండు గుటకల నీళ్లున్నాయి. ప్యాంటు తడిసిపోయింది.

"శానా కష్టం సార్" అన్నాడు.

శ్రోతలారా, నా తీర్పు ఇది. హచిరోకు ఆ అభిమానానికి తగినదే. అయితే ఆ గౌరవం దాని వేగానికీ కాదు, అది జారే తీరుకూ కాదు. సామాన్యుడి చేతికి అందిన ధరలో, సామాన్యుడి చేతికి నేర్పు ఇచ్చినందుకు. ఆ కప్పును మరచి కారును మాత్రం పూజించేవాడికి ఆ అభిమానం తగదు.

మా వాడి కారు తలుపు మీద ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు అర్థం అడిగితే చెబుతాడు. ఈ మధ్య కప్పులో సగానికి పైగా నీళ్లు మిగులుతున్నాయట.