ఫ్యామిలీతో పార్కుకు పోతే బ్యాగులు ఎవరు పట్టుకోవాలె?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చూస్తున్న మనోళ్లకే ఈ ముచ్చట. ఎండాకాలం సెలవులు దగ్గరికొచ్చినయి. మెసేజ్‌లలో అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇంటోళ్లతో వండర్‌లాకు పోతున్నం, ముందు ఏ రైడ్ ఎక్కాలె?"

రైడ్ల గురించి చెప్పే వీడియోలు మస్తు ఉన్నయి, అవి చూసుకోండి. నేను ఇయ్యాల అడిగేది వేరే. మీరు రైడ్ మీద అరుస్తున్నప్పుడు మీ ఫోన్లు, చెప్పులు, తడిబట్టల సంచి ఎవరి ఒళ్లో ఉంటున్నయి?

అమ్మ ఒళ్లో. అవ్వ వస్తే అవ్వ ఒళ్లో. చాలా ఇండ్లల్ల అయితే అవ్వ రానే రాదు. "నాకెందుకు బిడ్డా, నా టికెట్ పైసలతోని పిలగాండ్లకు ఏమన్న కొనియ్యి" అంటది. మనం కూడా "సరే తీయ్, అవ్వకు ఎట్లా నడుము నొప్పే కదా" అనుకొని బండి ఎక్కుతం. ఇది అవ్వ మంచితనం ఒక్కటే కాదు. దీని వెనక టికెట్ పద్ధతి ఒకటి ఉంది. అది అర్థమైతే మీ ట్రిప్పు మొత్తం వేరే తీరుగ ప్లాన్ చేసుకుంటరు.

మన జాతర గుర్తు చేసుకోండి. దీపావళి పోయినంక కురుమూర్తి జాతర. ఆత్మకూరు, కొత్తకోట దిక్కు నుంచి ఒకప్పుడు ఎడ్లబండ్లు, ఇప్పుడు ఆటోలు, ట్రాక్టర్లు. గద్వాల దిక్కోళ్లకు మల్దకల్ తిమ్మప్ప జాతర ఉండనే ఉంది. అక్కడ రంగులరాట్నం ఉంటది, జెయింట్ వీల్ ఉంటది, చెక్కబావి గోడల మీద మోటార్ సైకిల్ తిప్పేటోళ్లు ఉంటరు. కానీ జాతరకు గేటు లేదు. ఎక్కినోళ్లు పైసలిస్తరు, ఎక్కనోళ్లు కింద నిలబడి చూస్తరు. అవ్వ ఆటలకు ఒక్క రూపాయి పెట్టకుండనే జాతరంతా తిరుగుతది, గాజులు బేరం చేస్తది, మనుమడు జెయింట్ వీల్ మీద బిక్కమొహం పెడితే కింద నుంచి నవ్వుతది. ఆమె కూడా జాతర చేసినట్టే లెక్క. హైదరాబాద్ నుమాయిష్‌ది కూడా ఇదే పద్ధతి. 1938లో మొదలైంది, ఏటా జనవరి 1న నాంపల్లిలో తెరుస్తరు. గేటు టికెట్ కొంచెమే, ఆటలకు వేరే.

ఇప్పుడు పెద్ద పార్కుకు రండి. అక్కడ గేటు దగ్గరనే ఒకటే టికెట్, లోపల ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. మనలాంటి కుర్రోళ్లకు ఇది పండగ. లెక్క కోసం టికెట్ 1500 అనుకుందాం. అసలు రేటు రోజును బట్టి మారుతది, ముందే చూసుకోండి. 20 రైడ్లు ఎక్కిన తమ్మునికి ఒక్కోటి 75 రూపాయలు పడ్డది. రెండే ఎక్కిన అమ్మకు ఒక్కోటి 750. ఏదీ ఎక్కని అవ్వ 1500 పెట్టి బెంచీ మీద కూర్చున్నట్టు. వయసు మీద కొంత తగ్గింపు ఇచ్చినా ఈ లెక్క పెద్దగా మారదు. ఆరుగురు పోతే 9000. గద్వాల నుంచైతే పోనీకే దాదాపు 190 కిలోమీటర్లు, ఆ డీజిల్ వేరే, తిండి వేరే. సీడ్ పత్తి చేసుకునే ఇంట్ల 9000 అంటే చిన్న మాట కాదు. అందుకే ఎవరో ఒకరిని తగ్గించాలె అనుకున్నప్పుడు ముందుగాల అవ్వ పేరే పోతది. ఆమె చేత్తో ఆమెనే కొట్టేసుకుంటది.

తమాషా ఏందంటే, ఈ రకం పార్కులు పుట్టిందే బెంచీ మీద కూర్చున్నోళ్ల బాధ నుంచి. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు బిడ్డలను లాస్ ఏంజెలస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకపోయేటోడు. వాళ్లు రంగులరాట్నం మీద తిరుగుతుంటే ఆయన బెంచీ మీద పల్లీలు తినుకుంట కూర్చునేటోడు. పెద్దోళ్లు, పిల్లలు కలిసి ఆడుకునే జాగ ఒకటి ఉండాలని అక్కడే అనిపించిందని తర్వాత ఆయనే చెప్పిండు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిండు. మొదట్ల అక్కడ కూడా గేటుకు ఒక టికెట్, రైడ్లకు వేరే టికెట్లు. 1982లో ఆ రైడ్ టికెట్లు తీసేసి అంతా ఒకటే టికెట్ చేసిండ్రు. ఇప్పుడు ప్రపంచమంతా దాదాపు అదే బాట.

అన్ని దిక్కులా కాదు మళ్లీ. మీ అన్నో, అక్కో కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటే అమ్మానాయినలు పోయినప్పుడు శాంటా క్రూజ్ బీచ్ బోర్డ్‌వాక్‌కు తీసుకపొమ్మనండి. 1907 నాటిది, సముద్రం ఒడ్డునే ఉంటది. లోపలికి పోనీకే టికెట్ లేదు, ఎక్కినోళ్లకే టికెట్. 1924లో కట్టిన చెక్క రోలర్ కోస్టర్ ఇప్పటికీ నడుస్తున్నది. కింద నిలబడి ఆ చప్పుడు వింటే చాలు. దుబాయిలో పనిచేసే మనోళ్లకు గ్లోబల్ విలేజ్ ఉంది. చలికాలం సీజన్‌లనే తెరుస్తరు, గేటు టికెట్ తక్కువ, ఆటలకు వేరే. డెన్మార్క్‌లో టివోలీ గార్డెన్స్ 1843 నుంచి ఉంది, అక్కడ ఇప్పటికీ గేటు వేరే, రైడ్లు వేరే. ఫ్లోరిడా డిస్నీలో మాత్రం మూడేండ్ల లోపు పిల్లలకే ఫ్రీ. డెబ్బై ఏండ్ల అవ్వకు, పాతికేండ్ల మనుమనికి రేటు ఒకటే. హెచ్‌1బీ అన్నకు జీతం బాగనే రావొచ్చు గానీ, అవ్వ డాలర్‌ను రూపాయల్లోకి మార్చి చూసుకుంటది కదా, ఆ రోజంతా ఆమెకు నిమ్మళం ఉండదు.

మన దగ్గరికి వద్దాం. రావిర్యాల వండర్‌లా 2016 ఏప్రిల్‌లో తెరిచిండ్రు. అదే ఏడాది అక్టోబర్ 11న మన మూడు జిల్లాలు ఏర్పడ్డయి, ఒక ఈడువే అన్నమాట. గద్వాల, వనపర్తి వాళ్లు 44వ నంబర్ హైవే మీద శంషాబాద్ దాకా వచ్చి ఔటర్ ఎక్కాలె, ఎగ్జిట్ 13. కల్వకుర్తి, అచ్చంపేట దిక్కోళ్లు శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ చేరితే వచ్చేసినట్టే. సిటీలకు పోయే పనే లేదు.

మా నాయిన తరం పాలమూరు లేబర్ అని పేరు పడి బొంబాయి పోయింది. 1989లో అక్కడ గోరాయిలో ఎస్సెల్ వరల్డ్ తెరిచినప్పుడు ఆయన ఆ ఊర్లనే మట్టిపనిల ఉన్నడు. బస్సుల మీద దాని బొమ్మలు చూసేటోడట. లోపలికి పోలే, పోవాలని అనుకోను కూడా అనుకోలే. అలాంటి మనిషిని పార్కుకు తీసుకపోతే ఏం చేస్తడు? నీడ చూసుకొని కూర్చొని "మీరు పోండ్రి, సామాను నేను చూస్త" అన్నడు. మేం వినలే. వేవ్ పూల్‌లకు గుంజుకపోయినం. మొదటి అల మోకాళ్లకు తగలంగనే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. మూడో అలకు వదిలేసిండు. సైరన్ కొట్టి అలలు ఆపితే "గంతేనా?" అన్నడు.

అమ్మ కథ వేరే. ఆమెకు నీళ్లంటే భయం లేదు, బట్టలే అడ్డం. వాటర్ పార్కుల్లో చీరతోని పూల్‌లకు దిగనియ్యరు, కాటన్ కూడా వద్దంటరు. కాటన్ నీళ్లు తాగి బరువెక్కుతది, దారాలు ఊడి ఫిల్టర్లల్ల చుట్టుకుంటయి. మన గద్వాల చీరనే చూడండి, ఒళ్లంతా కాటన్, అంచు, కొంగు పట్టు. పెండ్లికి దానంత అందం ఇంకోటి లేదు, నీళ్ల ఆటకు మాత్రం పనికిరాదు. ఈ ముచ్చట గేటు దాటినంక తెలిస్తే అమ్మ "నేను ఒడ్డున కూర్చుంట" అంటది, అయిపోయింది. కాబట్టి ఇంటికాడనే నైలాన్ చుడీదార్ లాంటిది, ఒళ్లు నిండుగా ఉండేది కొనిపెట్టండి. పదిమందిల తడిబట్టలతో ఎట్లా అని సిగ్గుపడతది. చెల్లెనో, వదిననో అదే తీరు బట్టలతో పక్కన దిగితే ఆ సిగ్గు సగం పోతది.

సామానుకు లాకర్ తీసుకోండి, ఆ కిరాయికి వెనకాడొద్దు. లాకర్ల పట్టనిదానికి వంతులు పెట్టుకోండి. డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అని ఉంటది. చంటిపిల్లతో ఒకరు ఆగితే, ఇంకొకరు ఎక్కి వచ్చినంక వాళ్లను మళ్లీ లైన్ల నిలబెట్టకుండ పంపిస్తరు. ఇక్కడ ఆ సౌకర్యం ఉన్నా లేకున్నా వంతు మనమే వేసుకోవచ్చు. తమ్ముడు రెండు రైడ్లు వదులుకొని సంచి పట్టుకుంటే ఏం కాదు, ఆ టైంల రీల్స్ అప్‌లోడ్ చేసుకుంటడు.

బీపీ, గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నోళ్లను, కడుపుతో ఉన్నోళ్లను తిరగేసే రైడ్లు ఎక్కించొద్దు, బోర్డు చదవండి. అక్కడి రీకాయిల్ రైలును వెనక్కి పైకి గుంజి వదిలేస్తరు. తలకిందులు చేసి అవతలి గుట్ట ఎక్కించి, మళ్లీ అదే దారిల వెనక్కి తెస్తది. అది మనకే ఎక్కువ.

అవ్వను అడగండి, కానీ "వస్తవా?" అని అడగొద్దు, వద్దనే అంటది. "ఏం చూస్తవ్?" అని అడగండి. నిజంగనే నీళ్లు, రైడ్లు వద్దంటే విజయవాడ హైవే మీద రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. బస్సుల కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పుతరు, సినిమాల్ల చూసిన రాజమహల్‌లు అవ్వ గుర్తుపడతది. టికెట్ అక్కడా ఉంది, కానీ ఆ టికెట్‌కు ఆమె సుత మనంత చూసి వస్తది. అంత పైసలు లేవంటే జనవరిల నుమాయిష్ పెట్టుకోండి, మన గద్వాల స్టేషన్‌ల రైలెక్కితే కాచిగూడల దిగుతరు.

వచ్చే వారం సోమశిల నుంచి శ్రీశైలం పోయే లాంచీ ముచ్చట. ఎవరైనా అవ్వతోని పోయినోళ్లుంటే ఈలోపల నాకు రాయండి. ఉంటా మరి.